ముట్టుకోవద్దన్న డబ్బా

మార్చి 3

వదినగారికి,

మాత్రల పార్శిల్ పంపుతున్నాను. ఎప్పటిలాగే రోజుకో గడి చొప్పున డబ్బాలో సర్దాను. పై వరుస ఎర్రవి, కింది వరుస తెల్లవి. పొద్దున్నే పరగడుపున అన్నీ ఒకేసారి వేసుకోవాలి. ఈ సంగతి ఆయనకు తెలుసు. మీకు తెలియాల్సిన పని లేదు.

మీరు క్షేమమేనా అని అడగడం లేదు, ఏమీ అనుకోకండి. మీకేం, నిక్షేపంలా ఉంటారు.

నిన్న ఆయన ఫోన్లో మాటల మధ్య "అక్క ఇచ్చే రసం చేదుగా ఉన్నా ఒంటికి హాయిగా ఉంది" అన్నారు. ఏ రసం వదినా? టీబీ మాత్రల వల్ల ఆయన కాలేయం వాచిందని డాక్టరు చెప్పి వారం కాలేదు. మాత్రలు ఆపాల్సినంత వాపు కాదు, నెలనెలా రక్తపరీక్ష చేయిస్తూ వాడమన్నారు. ఆ వాచిన కాలేయం మీద మీరు పెరట్లో కలుపు మొక్కలు నూరి పోస్తున్నారా? మందులు కాలేయాన్ని ఎలా దెబ్బతీస్తాయో, ఏ మొక్క సారం దాన్ని ఎంతవరకు బాగుచేస్తుందో చూడటం నా ఉద్యోగం. ల్యాబ్‌లో ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాను. అయినా నన్నొక మాట అడగాలని మీకు తోచలేదు.

రెండే రెండు మాటలు. ఆ రసం ఆపండి. మాత్రల డబ్బా జోలికి రాకండి. పోయినేడు మా పిచ్చుకకి, అదే మీ మేనకోడలికి, జ్వరం వస్తే "పసిదానికి ఇంత ఘాటు మందా" అని సీసాలో సగానికి సగం నీళ్ళు కలిపిన చెయ్యి మీది. నేను మరిచిపోలేదు. ఆ డబ్బా ఆయనకీ నాకూ సంబంధించినది. మీరు ముట్టుకోవద్దు, మూత తీసి చూడొద్దు, లెక్కలు అడగొద్దు.

ఇట్లు
మీ తమ్ముడి భార్య


మార్చి 9

మరదలికి,

పార్శిల్ అందింది. దాంతో పాటు నీ నోరు కూడా అందింది.

ముందే చెబుతున్నా, నర్సరీ ఫోన్‌కి చేయకు. నీ గొంతు వినపడితే పెట్టేస్తాను. పొద్దున్నే నారు కట్టలు కట్టుకునే వేళ ఒళ్ళు మండించుకునే ఓపిక నాకు లేదు. ఉత్తరం రాసుకో. ఉత్తరమైతే చదివినంత చదివి, మిగతాది మడిచి కుండీ కింద తడి అంటకుండా పెట్టుకోవచ్చు.

కలుపు మొక్క అన్నావు. నిజమే, నేల ఉసిరి కలుపే. ఇన్నేళ్ళూ గులాబీ కుండీల్లోంచి, జామ అంట్ల మొదళ్ళలోంచి నేను పీకి పారేసింది దాన్నే. దానికో విలువ ఉందని నాకు చెప్పిందెవరమ్మా? కిందటి వేసవిలో నా ఇంట్లో భోజనానికి కూర్చుని, ఎడమ చేత్తో ఫోన్ తీసి, కోసిన ఎలుకల కాలేయాల ఫొటోలు చూపించావు. ఒకటి పాలిపోయి మచ్చలు పడి ఉంది. ఒకటి నున్నగా ఉంది. "ఈ రెండు ఎలుకలకీ టీబీ మాత్రలు పోసి కాలేయం పాడుచేశాం వదినా. రెండోదానికి నేల ఉసిరి సారం పోశాం, ఎలా తేరుకుందో చూడండి" అన్నావు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు గానీ నీ మాట మాత్రం దిగింది. ఇప్పుడు నా తమ్ముడికి అదే మాత్రలు, అదే కాలేయం. ఎలుకకి పనికొచ్చింది వాడికి పనికిరాదా? వాడు నీకు ఎలుకపాటి చేయడా?

అందుకే ఇస్తున్నా, ఇస్తాను. రోజూ గుప్పెడు మొక్కలు వేళ్ళతో సహా కడిగి, మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి గ్లాసుడు తాగిస్తున్నా.

డబ్బా సంగతి. నీ డబ్బా మీద నా నీడ కూడా పడదు. అది వాడి గదిలో అలమరాలో ఉంది. ఆ అలమరాకి దుమ్ము పట్టినా తుడవను, సరేనా? మాటంటే మాటే. తరవాత నన్ను ఏమీ అనకు.

ఇంకోటి. నీ మాత్రలు మొదలైన దగ్గర్నుంచి వాడికి మూత్రం ఎర్రగా వస్తోంది. మొదటిరోజు బాత్రూమ్‌లో చూసి రక్తమనుకుని కేకేశాను. ఇదా నీ వైద్యం? దగ్గు వినపడగానే మొగుణ్ణి పాత సామాను పంపినట్టు నా గుమ్మంలో దింపి వెళ్ళావు. ఇప్పుడు ఉత్తరాల్లో పెత్తనం.

వాడి అక్క


మార్చి 16

వదినగారికి,

పాత సామాను కింద లెక్కగట్టి నేను ఆయన్ని పంపలేదు. మాది ఒకటే గది. పిచ్చుకకి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. ఆయన దగ్గు దాని మొహం మీద పడుతుంటే డాక్టరే వేరుగా ఉంచమన్నారు. అది ఇప్పటికీ వాళ్ళ నాన్న నీలం చొక్కా పక్కలో వేసుకుని పడుకుంటుంది. ఉతకనివ్వదు. నా మీద పడి ఏడవడానికి దానికి హక్కుంది, మీకు లేదు.

ఎలుకల సంగతి అడిగారు గనక వినండి. మేం ఇచ్చేది మీ మిక్సీ రసం కాదు. మొక్కను నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, సారం తీసి, దాన్ని తూకం వేసి ఇస్తాం. ఒక్కో కుండీలో మొక్క ఒక్కోలా ఉంటుంది. మీ మట్టిలో మీరు చల్లే పురుగుమందు ఏ ఆకులో ఎంత చేరిందో మీకే తెలియదు. అది ఎలుకల్లో పని చేసిన మాట నిజం. అది చూసి నేను గర్వపడిన మాటా నిజం. కానీ ఆ ఎలుకల్లో ఒక్కటి కూడా బతికి లేదు. మందు పోసినవాటినీ పోయనివాటినీ చివర్లో చంపి, కోసి, కాలేయం గాజుపలక మీద పెట్టి చూస్తేనే మాకు తెలుస్తుంది. మీ తమ్ముణ్ణి ఏం కోసి చూస్తారు? మనుషులకి ఎంత ఇవ్వాలో, టీబీ మాత్రలతో కలిపి ఇస్తే ఆ మాత్రల బలం తగ్గుతుందో లేదో నాకే తెలియదు. ల్యాబ్‌లో తలలు పండినవాళ్ళకీ తెలియదు. మీకెలా తెలిసింది?

మూత్రం ఎర్రగా ఉందని మీరేం బెంబేలెత్తక్కర్లేదు. అది ఎర్ర మాత్ర రంగు. మాత్ర ఒంట్లోకి వెళ్ళిందనడానికి గుర్తు, అంతే. దాన్ని పట్టుకుని రాద్ధాంతం చేయకండి.

రసం ఆపారో లేదో రాయండి.

ఇట్లు
పిచ్చుక తల్లి


ఏప్రిల్ 6

మరదలికి,

నీ పోయిన ఉత్తరం "మీ మిక్సీ రసం" అన్నచోట ఆపి మడిచేశాను. పెద్ద కుండీ కింద భద్రంగా ఉందిలే.

దీంతో పాటు రక్తపరీక్ష కాగితం పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదువు. కాలేయం వాపు సగానికి సగం పడిపోయింది. కాగితం ఇచ్చిన ల్యాబ్ అమ్మాయి "ఏం చేశారండీ" అని నన్ను అడిగింది. నన్ను, విన్నావా? కలుపు పీకే దాన్ని. "చేసిందంతా మా ఇంటి వెనకుంది" అని చెప్పి వచ్చాను.

నాలుగు మెతుకులు కూడా సయించని మనిషి ఇప్పుడు రెండోసారి వడ్డించమంటున్నాడు. ఆ వాంతులు లేవు. మొహంలో కళ వచ్చింది. ఎర్రగా వచ్చే ఆ మూత్రం కూడా నా రసానికి కడిగేసినట్టయి, మంచినీళ్ళలా తేటగా వస్తోంది. నీ ఫొటోల్లో ఎలుకలన్నీ చచ్చినవే. నా తమ్ముడు లేచి మొక్కలకి నీళ్ళు పడుతున్నాడు.

ఉత్తినే అనడం లేదు. వాడి గది కిటికీలో నిమ్మ మొక్కొకటి పెట్టాను, తోచక ఉంటాడని. పొద్దున్నే లేచి మొదట దాని దగ్గరికే వెళ్తాడు. మట్టి గుల్ల చేసి నీళ్ళు తనే పోస్తాడు, నన్ను పోయనివ్వడు. ఎక్కువ పోసేస్తున్నట్టున్నాడు, ఆకులు పండుబారుతున్నాయి. పోనీలే అని ఊరుకున్నా. మనిషి తేరుకున్నాక మొక్క పోయినా మరోటి పెడతా.

గెలిచాను కదా అని గంతులేయడం లేదు. వేస్తున్నా అనుకో, నువ్వు చూడటం లేదుగా.

వాడి అక్క, నేల ఉసిరి డాక్టరమ్మ


ఏప్రిల్ 12

వదినగారికి,

కాగితం చూశాను. నాలుగుసార్లు చూశాను.

ఇది క్షమాపణ కాదు. మాత్రలకి కాలేయం అలవాటు పడి తనంతట తాను తగ్గే సందర్భాలున్నాయి. అయినా ఇంత త్వరగా ఇంత తగ్గుతుందని నేను ఊహించలేదు. మా పెద్దసారుకి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచారు. మా ఎలుకల ఫలితాల పక్కన ఒక మనిషి ఫలితం పెట్టి చెప్పగలిగితే ఈ పని ఎక్కడికో వెళ్తుందన్నారు. మూడేళ్ళుగా ఆ గదిలో ఎలుకల వాసన పీలుస్తూ, పిచ్చుకని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి చేసిన పని ఇది. మీకు అది అర్థం కాదులెండి.

కాబట్టి అడుగుతున్నాను. ఆజ్ఞ అనుకోండి, బతిమాలడం అనుకోండి, మీ ఇష్టం. ఏ రోజు నుంచి ఇస్తున్నారు, ఎన్ని మొక్కలు, పూత వచ్చినవా రానివా, అన్నానికి ముందా తరవాతా, అన్నీ రాయండి. వేళ్ళతో సహా ఒక కట్ట ఆరబెట్టి పంపండి. ప్లాస్టిక్ సంచీలో వద్దు, బూజు పడుతుంది. పేపర్లో చుట్టండి.

ఇంకొకటి, ఈ మూత్రాల ప్రస్తావన ఉత్తరాల్లో మానేస్తే సంతోషిస్తాను. మీ ఉత్తరాలు ల్యాబ్ అడ్రసుకి వస్తాయి. నలుగురి మధ్య విప్పుతాను. మొన్న మా సహోద్యోగి భుజం మీంచి తొంగి చూస్తుంటే సిగ్గుతో చచ్చాను. ఎవరికే రంగులో వస్తోందో నాకు రాయకండి.

ఇట్లు
మీ తమ్ముడి భార్య


ఏప్రిల్ 20

మరదలికి,

ఎంత మర్యాదగా అడిగావో! చదువుతూ నన్ను నేనే గిల్లుకున్నా.

కట్ట కట్టే ఉంచాను. పేపర్లోనే. ముందు నువ్వొక మాట రాసి పంపు. "మీరు చెప్పింది నిజం, నేను చెప్పింది తప్పు" అని. నీ చేతిరాతతో, కింద సంతకంతో. నర్సరీ గల్లాపెట్టె మీద అంటించుకుంటాను. అది అందిన పూటే కట్ట పంపుతా. లేదంటే మీ పెద్దసారుని ఇక్కడికే రమ్మను, కలుపు పీకడం నేర్పిస్తా.

నెలన్నర కిందట విషమైంది, ఇప్పుడు నీ పేరు పైకి రావాలనేసరికి అమృతమైపోయింది. నా తమ్ముడి కాలేయం మీద నీ ఉద్యోగం మెట్లెక్కుతోందన్నమాట. వాడికి ఈ ముక్క చదివి వినిపించాను. నవ్వాడు. "మీ ఇద్దరి మధ్య నన్ను ఇరికించకండి" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. ఈమధ్య సాయంత్రాలు కాస్త దగ్గుతున్నాడులే. నేను ఎరువూ ఎండు మట్టీ కలుపుతుంటే ఆ దుమ్ముకి. కాస్త ఒళ్ళు కూడా వెచ్చబడుతోంది. ఎండ.

మూత్రం గురించి రాయొద్దన్నావుగా, రాయడం లేదు. నీ పరువు పోతుంది మరి.

వాడి అక్క


ఏప్రిల్ 24

వదినా,

నర్సరీకి ఫోన్ చేశాను, పెట్టేశారు. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశారు. ఆయనకు చేస్తే "వేసుకుంటున్నానే, ఎందుకంత కంగారు" అన్నారు. అబద్ధం చెప్పేటప్పుడే ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుంది. పిచ్చుకకి ఒళ్ళు కాలుతోంది, వదిలి రాలేను. అందుకే ఇది మీ ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అతని ముందే చదవండి. మడిచి ఏ కుండీ కిందా పెట్టకండి.

సాయంత్రం దగ్గు, వెచ్చదనం అని మీరు రాసింది చదివాక మీ పాత ఉత్తరాలు మళ్ళీ తీశాను. ఏప్రిల్ 6 నాటి దాంట్లో మూత్రం మంచినీళ్ళలా తేటగా వస్తోందని రాశారు. ఆ వాక్యం నేను అప్పుడే చదివాను. చదివి, అలాంటివి రాయొద్దని మీకు పాఠం చెప్పాను. ఎర్ర మాత్ర మింగిన మనిషికి మూత్రం ఎర్రగానే రావాలి. ఆ రంగు ఏ రసానికీ పోదు. తేటగా వస్తోందంటే ఆయన మాత్రలు మింగడం లేదు. కాలేయం తేరుకున్నది మీ ఆకుకి కాదు, మాత్రలు ఆగినందుకు. దెబ్బ కొట్టడం ఆపితే వాపు తగ్గదా! కానీ లోపల టీబీ అలాగే ఉంది వదినా.

డబ్బా తెరవండి. ఇప్పుడే.


ఏప్రిల్ 26

మరదలికి,

డ్రైవరుని నిలబెట్టే చదివాను. అతనికి నా మొహంలో ఏం కనపడిందో, కూర్చోమని స్టూలు లాగాడు.

డబ్బా తెరిచాను. ఏ రోజు గడి ఆ రోజు ఖాళీగా, ముచ్చటగా ఉంది. వాడు నా వెనకే నిలబడి "చూశావా, అన్నీ వేసుకున్నా" అన్నాడు. మాత్రలు ఎటు పోయాయో నాకు తోచలేదు. తరవాత ఆ నిమ్మ మొక్క మీదికి నా చూపు పోయింది. నీళ్ళు ఎక్కువైన మొక్కకి మట్టి తడిగా ఉండాలి. ఆ మట్టి పొడిగా, పైన పెచ్చు కట్టి ఉంది. ఇన్ని రోజులు పక్కనే తిరుగుతూ నేను దాని మట్టి ముట్టుకోలేదు, వాడి మొక్క కదా అని. కుండీ బోర్లించి తట్టాను. వేళ్ళ చుట్టూ ఇటుక పొడి కలిపినట్టు ఎరుపు. తెల్ల మాత్రలు సగం కరిగి సున్నం ముద్దల్లా ఉన్నాయి.

వాడు మంచం మీద కూలబడ్డాడు. మొదట్లో ఓపిక ఉన్న రోజు మింగేవాడట, వాంతి వచ్చిన రోజు పాతేవాడట. నా రసం మొదలైన కొన్నాళ్ళకి, కాలేయం ఎలాగూ బాగవుతోందిగా అని పూర్తిగా మానేశాడట. "నాకైనా చెప్పొచ్చుగా" అని అరిచాను. వాడేమన్నాడో వింటావా? "నీకు చెబితే దాన్ని తిడతావు, దానికి చెబితే నిన్ను తిడుతుంది. ఎవరికి చెప్పినా రెండోవాళ్ళు ఓడినట్టవుతుంది. నాకెందుకని ఊరుకున్నా" అన్నాడు. ఆ మాట అంటుండగానే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలులో రక్తం. ఈసారి మాత్ర రంగు కాదు.

నీ మార్చి ఉత్తరం కుండీ కింద నుంచి తీసి మిగతా సగం ఇప్పుడు చదివాను. ఎర్ర మాత్ర రంగు అని రాసే ఉంది. చదవలేదు, నా ఖర్మ. కానీ నువ్వు చదివావు. నీ ఉద్యోగమే అది. తేటగా వస్తోందని నేను రాస్తే నీకు పరువు గుర్తొచ్చింది.

డబ్బా ముట్టుకోవద్దన్నావు. నేను ముట్టుకోలేదు. మాట నిలబెట్టుకున్నాను మరదలా.

వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. రా.


మే 19

వదినగారికి,

ఆసుపత్రి బెంచీ మీద మీ పక్కన అన్ని రోజులు కూర్చున్నాను. మధ్యలో మీ గోనె సంచి పెట్టారు. నేనూ దాన్ని జరపలేదు. నాకు మీ మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

కఫం పరీక్ష ఫలితం ఈ రోజు వచ్చింది. అడపాదడపా మింగినందుకు క్రిమి రాటుదేలింది. ఎర్ర మాత్ర ఇక ఆయన మీద పని చేయదు. వేరే మాత్రలు ఇస్తున్నారు. ఇంకా ఎక్కువ, ఇంకా ఎక్కువ కాలం. వాంతులు వస్తాయి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చనిపోతాను వదిలేయండని ఏడుస్తారట. ఈసారి ఆపితే ఇచ్చేందుకు పెద్దగా ఏమీ మిగలదని డాక్టరు నా మొహం మీదే చెప్పారు. వాపు కనిపిస్తే వాళ్ళే చూసుకుంటారు. రసం వద్దు. ఆ ఆకు పనికిమాలిందని నేను అనడం లేదు. పని చేసిందని చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదంటున్నాను. పెద్దసారుకి కుండీ సంగతి చెప్పేశాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. పిచ్చుకకి దగ్గు లేదు, పరీక్ష చేయించాను.

ఆయన్ని నేను తెచ్చుకోలేను. ఆ క్రిమి ఉన్నన్నాళ్ళూ ఈ గదిలో పిచ్చుక పక్కన పెట్టలేను. మీ ఇంట్లోనే ఉండాలి. కొత్త మాత్రలతో డబ్బా పంపుతున్నాను. వీటిలో ఎర్రది లేదు వదినా. రంగు చూసి పట్టుకునే దారి ఇక లేదు. రోజూ ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, మింగాక నోరు తెరిపించి చూడాలి. ఇంత దూరం నుంచి నేను చూడలేను. మీరు వేసుకున్నారంటే వేసుకున్నట్టు, లేదంటే లేనట్టు. నాకు మీ మాట తప్ప వేరే ఏదీ లేదు. ఈ ముక్క రాయడానికి రెండు కాగితాలు చించాను.

డబ్బా మీరు తెరవండి. మీ చేత్తోనే ఇవ్వండి.

ఇట్లు
మీ మరదలు


మే 26

మరదలికి,

డబ్బా నా మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకి ఉంది.

ఏడ్చాడు. నిన్న నా చెయ్యి కొరికాడు కూడా, చిన్నప్పుడు కొరికినట్టే. నేను కదల్లేదు. నోరు తెరిపించాను, నాలుక ఎత్తించాను, బుగ్గల్లో వేలు పెట్టి చూశాను. ఆ తరవాత కూడా పక్కనే కూర్చున్నాను, బయటికెళ్ళి కక్కేస్తాడేమోనని. పొద్దున నారు కొనేవాళ్ళు వచ్చి కేకేసి కేకేసి వెళ్ళిపోతున్నారు. పోనీ. కిటికీలో మొక్కలన్నీ తీసేశాను.

నేల ఉసిరి కట్ట పంపడం లేదు. మట్టిలో కలిపేశాను. నువ్వు రాసి పంపాల్సిన సంతకం కూడా నాకక్కర్లేదు. నీ మీద నా కోపం నాకుంది, దానికి నీ అనుమతి ఏమీ వద్దు. కానీ ఇకనుంచి నా ఉత్తరం వస్తే, తిట్లు ఎన్ని ఉన్నా, పైనుంచి కిందదాకా చదువు. నేను కూడా చదువుతా. ఎవరు తొంగి చూసినా సరే.

పిచ్చుకకి చెప్పు, ఆ నీలం చొక్కా ఉతకొద్దని.

ఈ రోజు వేసుకున్నాడు. నేను చూశాను.